సున్నపు బట్టీలో పొగ

బావకు,

వనజాక్షి నమస్కారం చేసి రాస్తున్నది. ఇక్కడ మామ, నేను, రెండు మేకలు కులాసా. మంగుళూరు బోటు మీద నువ్వు వేళకు తింటున్నావనే నమ్ముతున్నాను. ఫోను ఉండగా ఉత్తరమేంటని నవ్వకు. నేను ఫోను పట్టుకుంటే చాలు, మీ నాన్న వచ్చి పక్కన కూర్చుంటాడు. అందుకే రాసి, అటు వస్తున్న సుబ్బు చేతికిస్తున్నాను.

పులికాటులో ఈ ఏడు ఫ్లెమింగోలు దిగాయా అని అడిగావు. దిగాయి, నీళ్ళన్నీ గులాబీ రంగే. మామకు నిజంగానే పని ఇచ్చారా అనీ అడిగావు. ఇచ్చారు. పక్షుల్ని చూడవచ్చేవాళ్ళకు గుల్లలు కాల్చి సున్నం చేసిన మన పాత బట్టీ కూడా చూపించాలని అడవి ఆఫీసు వాళ్ళకు బుద్ధి పుట్టింది. ఆ బట్టీ కాల్చినవాళ్ళలో మిగిలింది మామ ఒక్కడే కదా. అత్త పోయాక మూడేళ్ళు గోడవైపు తిరిగి పడుకున్న మనిషి, ఇప్పుడు నాకంటే ముందు లేచి తల దువ్వుకుంటున్నాడు.

ఇక అసలు సంగతి ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదు.

బట్టీ చుట్టూ ఊడ్చే పని నాది. దాని అడుగున బావురుపిల్లి మూడు పిల్లల్ని పెట్టింది. చూసింది నేనొక్కదాన్నే. జంతువులుంటే చెప్పమని ఆఫీసరు జడ్సన్ గారు పదిసార్లు చెప్పారు. చెబితే బట్టీ మూసేస్తారు, మామ మళ్ళీ మంచమెక్కుతాడు. పిల్లలు ఎదిగితే వాటి దారిన అవే పోతాయిలే అని ఊరుకున్నాను. మామకూ చెప్పలేదు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు.

చల్లారిన బట్టీలోకి ముందు నిప్పు పోవాలి, తర్వాతే మనిషి పోవాలి అని మనవాళ్ళ ఆనవాయితీ. అది నాకు గుర్తే రాలేదు బావా! బడిపిల్లలు మొదటిసారి బట్టీ చూడవచ్చే ముందు రోజు, శుక్రవారం పొద్దున, నీళ్ళకు పోయి వచ్చేసరికి మామ బట్టీలో తాటాకులు అంటించి, కళ్ళు మూసుకుని దండం పెడుతున్నాడు. వెనకవైపు నుంచి పిల్లి ఒక పిల్లను కరుచుకుని దూకింది. మిగతా రెండూ బయటికి రాలేదు. మామ ఇంటికి పోయాక వాటిని తీసి ఇసుకలో పూడ్చాను. మధ్యాహ్నం జడ్సన్ గారు అడిగితే, బట్టీలో ఏ జంతువూ లేదని సంతకం పెట్టాను.

మర్నాటి నుంచి మామ బడిపిల్లలకు ఏం చెబుతున్నాడో తెలుసా? "మేము సచ్చిన గుల్లే కాల్చినాము. పురుగుండే గుల్ల కనపడితే మళ్ళా నీళ్ళలో ఏసినాము. ఈ బట్టీలో ఒక్క పానం కూడా పోలా."

చీపురు పట్టుకుని నేను వింటాను. సాయంత్రం పిల్లి వచ్చి అక్కడే తిరుగుతుంది. తప్పు నాదా, మామదా, ఆనవాయితీదా? ఆయనకు చెప్పాలా, వద్దా? పొద్దున ఒకటి అనుకుంటాను, సాయంత్రానికి ఇంకొకటి. కూరలో ఉప్పు రెండుసార్లు వేస్తున్నాను.

నిన్న జడ్సన్ గారు మామ మాట బాగుందని, బోర్డు మీద రాయమని కుంచె నాకే ఇచ్చారు. 'ఈ బట్టీలో' వరకు రాసి, కుంచెను రంగులో ముంచుతూనే ఉన్నాను. ఇంతలో మామ వచ్చి నా మణికట్టు పట్టుకున్నాడు.

"అది రాయబాక మే. నోటితో అన్నది గాలికి పోతాది. రాసింది నిలబడతాది."

"అదేంది మామా, నువ్వు చెప్పిందే గదా?"

"నలభై ఏళ్ళు బట్టీ కాల్చినోణ్ణి. తాటాకు పొగేదో, బొచ్చు కాలిన వాసనేదో నాకు తెలీదా?"

కుంచె రంగు డబ్బాలో పడేశాను. "మరి పిల్లకాయలకు అట్టా ఎందుకు చెప్పినావు?"

"నువ్వు సంతకం పెట్టేసినావు గదా. నీ మాట నిలబెట్టొద్దా?"

నేను భోరున ఏడ్చాను బావా. ఎందుకు ఏడుస్తున్నానో కూడా తెలియలేదు. సోమవారం జడ్సన్ గారికి చెప్పేద్దామని ఇద్దరం అనుకున్నాం. అది మంచో చెడో ఇప్పటికీ అర్థం కావడం లేదు. నిప్పు పెట్టింది తను కాబట్టి తనే చెబుతాడట, నన్ను ఇంట్లోనే ఉండమంటున్నాడు. చూసి కూడా చెప్పనిది నేను కదా, ఆయన్ని ఒక్కణ్ణే ఎట్లా పంపను?

ఇట్లు,
ఏమీ పాలుపోని నీ భార్య
వనజాక్షి