ఎర్రదారం గూడు

అక్కా,

నిన్ను నలుగురిలో దొంగని చేసింది మన కుట్టుషాపు ఓనరు. అన్యాయాన్నీ, చేసినవాణ్నీ మొదటి వాక్యంలోనే చెప్పాలని నేను చదివిన యూనియన్ కరపత్రాల్లో ఉంది. చెప్పేశాను.

"తెగిన ముక్కలే కదా అని పట్టుదారం ఇంటికి మోసుకెళ్తున్నావా?" అని అడిగాడే, నువ్వు బాబాయి వాళ్ళ ఊరు వెళ్ళిపోయావే, ఆ దారం దొరికింది! కిటికీ గట్టు మీద నీ దారం తుంపుల డబ్బా పెట్టేదానివి కదా. ఆ పక్కనే ఒక దర్జీ పిట్ట తోక నిక్కించి అరుస్తుంటే, నువ్వు లేని కిటికీలో ఆ గోల భరించలేక తోలేద్దామని వంగాను. కింద బాదం మొక్కకి రెండాకులు కలిపి కుట్టి ఉన్నాయి. ఎర్ర పట్టుదారంతో! నువ్వు ఊఁ అంటే చాలు, ఆ ఆకులు కోసి ఓనరు బల్ల మీద పడేస్తాను. తలెత్తుకుని వచ్చెయ్యి. నీ స్టూలు మీద ఎవరూ కూర్చోకుండా నా చొక్కా వేసి ఉంచుతున్నాను.

నీ తమ్ముడు

తమ్ముడూ,

ఆ ఆకుల మీద చెయ్యి వేశావో, నాతో మాట్లాడకు. లోపల పిల్లలుంటే? దాని కొంప కూల్చి నా పేరు నిలబెడతావా? నీ కరపత్రాలు చెప్పింది ఇదేనా?

నాకు మాత్రం రావాలని లేదా? ఇక్కడ మిషనుంది, కిటికీ లేదు. పక్కన నీ సణుగుడూ లేదు. కళ్ళు నొప్పి పుట్టినప్పుడు తలెత్తితే గోడే కనిపిస్తోంది.

అక్క

అక్కా,

నీ ఉత్తరం వచ్చేసరికి కత్తెర జేబులోనే ఉంది. తీసి బల్ల మీద పెట్టేశాను. లోపల మూడు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. తల్లి పురుగుల్ని తెచ్చి పెడుతోంది.

ఓనరు దగ్గరికి వెళ్ళాను.

"ఏంట్రా నాయకుడా, మళ్ళీ సమ్మెనా?"

"కాదు సార్. మీ దారం దొంగని చూపిస్తాను. మీరే నడిచి రావాలి. తనని మీ దగ్గరికి తీసుకురాను."

అప్పటికే గూడు చూసినవాళ్ళు కదా, అందరూ నవ్వారు. గుండీలు కుట్టే పెద్దమ్మ, "వెళ్ళు బాబూ, ఆ పనిమంతురాలు నిన్ను జీతం అడగదులే" అంది. ఓనరు నవ్వలేదు. కిటికీకేసి చూసి, "ఎప్పుడు?" అన్నాడు.

నిన్ను దొంగ అన్నది నలుగురిలో. కాదని చెప్పాల్సిందీ నలుగురిలోనే. అందుకే నువ్వొచ్చేదాకా ఆగమన్నాను. చొక్కా ఉతికి నేనే వేసుకుంటాను. స్టూలు ఖాళీగా ఉంటుంది.

సోమవారం పొద్దున్న ఏడింటికి, మిషన్లు మొదలవకముందే, కిటికీ కింద. అందరం వస్తున్నాం. నువ్వూ రా.

నీ తమ్ముడు