మళ్లీ భగ్గుమన్న బ్యాటరీ
మే నెల, మంగళవారం, కర్నూలు

చెప్పీ చెప్పీ నోరు నొస్తోంది. మధ్యాహ్నం బ్యాటరీతో ఎగిరే మా శిక్షణ విమానం దిగేసరికి బ్యాటరీ ఒక పక్క ఉబ్బింది. దాన్ని విప్పి ట్రాలీ మీద పెట్టి, చార్జింగ్ పెట్టొద్దని మేనేజర్ శేషయ్యకు చెప్పి అన్నానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి పెట్టేశాడు.

"ఏమ్మా, ఈ ఎండకు రాళ్లే కాగుతాండాయి, బ్యాటరీ కాగదా?" అన్నాడు.

ఆ మాట పూర్తయ్యేలోపే పొగ లేచింది. వైరు పీకి, నేనూ మెకానిక్ మాబూ ట్రాలీని షెడ్డు బయటికి తోశాం. చాలాసేపు నీళ్లు కొడితే గానీ మంట తగ్గలేదు. మాబూ చేతులు బొబ్బలెక్కాయి.

"ఆరిపాయ కదా, లోపల పెట్టండి" అన్నాడు శేషయ్య. లోపల విమానాలున్నాయి!

"పైకి ఆరినట్టుంటాది సార్, లోపల కాగుతానే ఉంటాది. ఈడనే ఉండనీయండి" అని అడ్డం నిలబడ్డాను. పొద్దుగూకే వేళకు, ఎవరూ ముట్టకుండానే, అది మళ్లీ భగ్గుమంది.

ఇప్పుడైనా బుద్ధొస్తుందనుకున్నా. "రేపు రెండో బ్యాటరీ వేసి పంపుదాం. కీర్తన మొదటిసారి ఒంటరిగా ఎగరాల్సిన రోజు కదమ్మా" అన్నాడు! అదీ దీనితోపాటు వచ్చిందే. ఇంకా విప్పి చూడనేలేదు. గాలిలో అంటుకుంటే ఆ పిల్ల ఎక్కడికి పారిపోతుంది?

విమానం తాళంచెవి ఇంటికి తెచ్చేసుకున్నాను. ఉద్యోగం తీసేస్తాడేమో... తీయనీ. ఇవ్వను.