ఫ్లూటు కింద నాన్న మాట

ప్రియమైన తమ్ముడికి,

దేవుడి కృపవల్ల ఇక్కడ అందరం క్షేమం. ఫోన్ చేస్తే నా గొంతు ముందు పరిగెడుతుంది, బుద్ధి వెనకాల వస్తుంది. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

నువ్వు సంగీతం కలిపి చేసిన వీడియో నిన్న చెల్లాయి ఇంట్లో అందరం చూశాం. నాన్న డెబ్బయ్యో పుట్టినరోజుది, ఆయన పోవడానికి రెండు నెలల ముందుది. చెల్లాయి ఏడ్చింది. బావ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. నా భార్య కూడా "మీ తమ్ముడి చేతిలో ఏదో ఉందండీ" అంది. ఇరవై ఏళ్లుగా వారమంతా చెక్క చిత్రిక పడుతూ, ఆదివారం చర్చిలో వాక్యం చెబుతున్నాను. నరకం గురించి గంటసేపు చెప్పినా ఇన్ని తడి కళ్లు చూడలేదు. సరే, దేవుడిచ్చిన నేర్పు, నీ తలాంతు నీది.

కానీ ఎనిమిదో నిమిషంలో నాన్న చెంచా కింద పెట్టి, నా వైపు చెయ్యి చూపించి ఏదో అంటారు. కదిలేవి ఆయన పెదాలు, వినిపించేది నీ ఫ్లూటు! ఆ రోజు బల్లకి ఆ చివర ఉన్న నాకు "మా పెద్దాడు..." అన్నదొక్కటే అందింది. మిగతాది గిన్నెల చప్పుడులో కలిసిపోయింది. వీడియోలో ఉంటుందిలే అని రెండేళ్లు ఓపిక పట్టాను. నవ్వుతూ అన్నారు గనక మెచ్చుకునే ఉంటారు. జన్మలో అదొక్కసారి. ఆ మాట నా పిల్లలు వినాలి, నేను వినాలి. ఫ్లూటు తీసేసి పంపు.

నీకోసం రోజూ మోకరించే,
అన్నయ్య

*

ప్రియమైన అన్నయ్యకి,

షాపులో కళ్లద్దాలు కొనేవాళ్లు లేనప్పుడు నేర్చుకున్న విద్య అది. దానికి తలాంతు లాంటి పెద్ద మాటలెందుకు? ఆ సాఫ్ట్‌వేర్‌లో పైన బొమ్మల వరస, కింద సంగీతం వరస ఉంటాయి. ట్యూను తెచ్చి కింద వదలాలి. బొమ్మతో వచ్చిన చప్పుడు వద్దనుకుంటే స్పీకరు గుర్తు నొక్కి మూసెయ్యాలి. అంతే.

ఆ రోజు ఫ్యాను రొద, గిన్నెలు, పైగా నీ ప్రార్థన. మైకు లేకపోయినా మైకున్నట్టే కదా నీకు! అందుకని మొత్తం మూసేశాను. అసలు వీడియో పాత ఫోన్‌లో ఉండేది, అది పాడైంది. ఇక పోయినట్టే అన్నయ్యా. నాన్న ఏదో మామూలు మాటే అని ఉంటారు, మనసులో పెట్టుకోకు. వదినని అడిగానని చెప్పు.

ప్రేమతో,
నీ తమ్ముడు

*

ప్రియమైన అని రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా రాస్తున్నాను, ప్రియమైన తమ్ముడా,

చర్చి ఆఫీసులో టైపు చేసే అక్కగారి పక్కన మూడు సాయంత్రాలు కూర్చుని నీ విద్య నేనూ నేర్చుకున్నాను. మా చిన్నపాప మొదటి అడుగులకి పియానో తగిలించాను. పియానో మొదలయ్యేసరికి పాప నడిచేసి గోడ పట్టుకుంది! పోనీ, అసలు సంగతి విను. నువ్వు చెప్పిన స్పీకరు గుర్తు నొక్కితే పాప నవ్వు పోయింది. మళ్లీ నొక్కితే తిరిగొచ్చింది. మూసిన చప్పుడు చావదురా, దాక్కుంటుంది! వీడియో కంప్యూటర్లోకి ఎక్కించకుండా ఫ్లూటు ఎలా అతికించావు? పాడైంది ఫోనైతే, కంప్యూటర్లోది ఏమైంది?

మేకతోలు కప్పుకుని, చూపు లేని తండ్రిని మోసగించి అన్న దీవెన కాజేసిన తమ్ముడు బైబిల్లో ఉన్నాడు. నువ్వు ఫ్లూటు కప్పావు.

ఆగు, నా పాపమూ చెప్పాలి. వీణ వాయించి ఓదార్చిన గొర్రెల కాపరి మీదే ఈటె విసిరిన రాజు గురించి ఎన్నిసార్లు ప్రసంగించానో. ఆ ఈటె నా చేతిలోనే ఉంది. అవును, కుళ్లుకున్నాను, ఈ రోజు కాదు, ఎప్పట్నుంచో. రిటైరయ్యాక నాన్న రోజూ నీ షాపులోనే కూర్చునేవారు. నా ప్రసంగానికి ఒక్క ఆదివారం వచ్చి కూర్చోలేదు. నీకు అన్ని రోజులు దొరికాయి, నాకు దొరికింది ఒక్క మాట. దాన్నీ మూసేస్తావా? తీర్పు రోజున ఏం చెప్పుకుంటావు? పంపు!

ఇంకా నీ అన్నయ్యనే

*

ప్రియమైన అన్నయ్యా,

అబద్ధమాడాను. అసలు వీడియో ఈ కవరులో ఉన్న పెన్‌డ్రైవ్‌లో ఉంది.

నాన్న నాతోనే అన్నారు, ఫోను పట్టుకుని తీస్తున్నది నేనే కదా. ఆ గోలలో నాకూ సరిగ్గా అందలేదు. ఫ్లూటు పెట్టడానికి కూర్చున్నప్పుడే మొత్తం విన్నాను: "మా పెద్దాడు మాట్లాడుతుంటే ప్రతి ఆదివారం బయట కిటికీ పక్కన నిలబడి వింటాన్రా. లోపలికెళితే నన్ను చూసి తడబడతాడు వాడు."

ఆదివారం అలా నడిచొస్తానని వెళ్లి గంటన్నరకి వచ్చేవారు. నేను భోజనం పెట్టుకుని ఎదురుచూసేవాణ్ణి. షాపులో నా పక్కన కూర్చున్నారన్నావు. పేపరు చదువుకునేవారన్నయ్యా, నా పని తలెత్తి చూసేవారు కాదు. నీకోసం మాత్రం ఆ నొప్పుల మోకాళ్లతో నిలబడ్డారు. కడుపు మండింది. ఫ్లూటు లాక్కొచ్చి సరిగ్గా అక్కడ పడేశాను. గిన్నెలు, ఫ్యాను అన్నవి సాకులు.

క్షమించగలిగితే క్షమించు.
నీ తమ్ముడు

*

ప్రియమైన చిన్నాడా,

విన్నాను. మీ వదినా పిల్లలూ విన్నారు. మొన్న ప్రసంగం మధ్యలో ఆ కిటికీ వైపు చూసి నిజంగానే తడబడ్డాను.

కానీ నువ్వు రాయనిది ఒకటుంది. ఆ మాటయ్యాక నాన్న ఫోను వైపు ఇంకాస్త వంగి, నీ కళ్లలోకి చూస్తూ, "నువ్వేమో చిన్నాడా..." అన్నారు. అంతలో "ప్రభువా!" అని ఒక కేక. నాదే. నాలుగు నిమిషాల ప్రార్థన. నాన్న పెదాలు కదులుతూనే ఉన్నాయి. ఒక్క అక్షరం వినపడదు.

నా గొంతు తగ్గిద్దామని ఆ సాఫ్ట్‌వేర్ ముందు కూర్చున్నాను. ఇద్దరి గొంతులూ ఒకే వరసలో ఉన్నాయి. నాది తగ్గిస్తే ఆయనదీ తగ్గిపోతోంది. నువ్వు మూసింది ఒక్క నొక్కుతో తెరుచుకుంది తమ్ముడూ, నేను మూసింది తెరుచుకోదు. ఇది తెలిసీ నువ్వు నన్నొక్క మాట అనలేదు. అన్నీ అన్నది నేను.

ఈ ఆదివారం వాక్యం ఇంకెవరైనా చెబుతారు. నేను నీ దగ్గరికి వస్తున్నాను. చప్పుడంతా తీసేసి, ఆ నాలుగు నిమిషాలూ నాన్న పెదాలనే చూద్దాం, ఎన్నిసార్లయినా సరే. ఆయన ఏమన్నారో నువ్వే చెప్పు. నేను నోరెత్తను.

అన్నయ్య