వలకో వాటా

నాయనా,

నిన్న నీ సంవత్సరీకం పెట్టాం. ఈరోజు అమ్మ పంపితే గూడూరు వెళ్లొచ్చాను. డిగ్రీ అయిన పేద పిల్లలు ఏ దారిన వెళితే డబ్బు సంపాదించుకోగలరో చెప్పే సారొకాయన అక్కడికి వచ్చారు. ఆయన జీతాల గురించి చెబుతుంటే నాకో అనుమానం వచ్చింది. లేచి అడిగేశాను.

"సార్, మా నాయన సముద్రంలో వేటకి పోయేవాడు. మా వాకాడు పక్క వేటలో పడిన చేపల్ని వాటాలేసుకుంటారు. మనిషికో వాటా, వలకో వాటా, పడవకో వాటా. కంపెనీలో వల వాటా ఎవురికి పోతుంది?"

పిల్లలందరూ నవ్వారు. సారు నవ్వలేదు.

"వల ఎవరిదైతే వాళ్లకే. మీ నాయనకి ఏ వాటా వచ్చేది?"

"మనిషి వాటా ఒకటే సార్."

"జీతమన్నా అదే తల్లీ. ముందు చేరి పని నేర్చుకో. తర్వాత చిన్నదైనా నీ వల నువ్వు అల్లుకో."

బస్సులో దారంతా అదే ఆలోచన. ఊళ్లో ఎవరి వల చిరిగినా మన గడప ముందే కూర్చుని బాగుచేసేవాడివి. అంత పని వచ్చినవాడివి, మనకంటూ ఒక్క వల ఎందుకు అల్లుకోలేదు నాయనా?

ఇంటికొచ్చి అమ్మని అడిగాను.

"ఆ మాట ఆయన్ని ఎవురూ అడగలా మే," అంది.