కెప్టెన్‌ని మార్చమన్నది నేనే

కొత్తవలస, శనివారం

చిన్నప్పటి నుంచి చూస్తున్న అంతరిక్ష సీరియల్లో కెప్టెన్ వేషగాడు తప్పుకుంటున్నాడట. "ఇకనైనా ఆడమనిషిని కెప్టెన్ చెయ్యండి, మగాళ్ల పెత్తనం చాలు!" అని ఫ్యాన్స్ గ్రూపులో నిప్పులు కక్కాను. పక్కనుంచి చదివి చెల్లి నవ్వింది.

"అన్నియ్యా, మరి మన వీధి నాటకంలో నీ నాయకుడి ఏసం నాకిస్తావేటి? మాటలన్నీ నాకొచ్చు."

"నీ గొంతు ఎనకోళ్లకి ఇనబడదే!" అని గయ్యిమన్నాను.

"గేటుకాడ రైలెల్తన్నా నా కేకకి మేకలొస్తన్నాయి. మనుసులికి ఇనబడదేటి?"

ఫోన్లోకి తల దించాను. గ్రూపులో నా మాటకు లైకులు పడుతూనే ఉన్నాయి. నాటకం చివర నాయకుడు తువ్వాలు ఎగరేసి జనాన్ని లెమ్మని కేకేస్తాడు. ఆ కేక దాని గొంతులో ఎలా ఉంటుందో! రేపు రిహార్సల్లో తువ్వాలు దానికిచ్చి, నేను వెళ్లి అందరికన్నా వెనక కూర్చుంటాను. వినాలనే ఉంది. వినబడకపోతే బాగుణ్ణనీ ఉంది...