చెయ్యెత్తొద్దన్న క్లాసు

నవంబర్ 3, ఆదివారం

శుక్ర, శనివారాల సెలవు తర్వాత ఇవాళ బడికి వెళ్తే కబురు, బుధవారం కెమిస్ట్రీ క్లాసు చూడటానికి ఇన్‌స్పెక్టర్ మేడమ్ వస్తోందట. మా మిస్ ఇబ్తిసామ్‌కి కాలూ చెయ్యీ ఆడటం లేదు. ఎలక్ట్రాన్ విన్యాసం, ఆవర్తన పట్టిక రివిజన్ అని చెప్పి రిహార్సల్ చేయించింది. ఏ ప్రశ్న ఎవరిదో ముందే పంచేసింది. నా పక్కన కూర్చునే షహద్‌కి సోడియం. హనీన్‌కి క్లోరిన్. ప్రతి ప్రశ్నకీ క్లాసంతా చేతులెత్తాలట. జవాబు తెలిసినవాళ్లు కుడిచెయ్యి, తెలియనివాళ్లు ఎడమచెయ్యి. అందరం నవ్వాం.

నాకు ప్రశ్న ఇవ్వలేదు. మర్చిపోయిందనుకున్నాను.

నవంబర్ 4, సోమవారం

మర్చిపోలేదు.

మిస్ నన్ను వరండాలో ఆపింది. బతూల్, హబీబ్తీ, బంగారూ, నువ్వు తెలివైనదానివే, కానీ బుధవారం మాత్రం చెయ్యెత్తకు, నువ్వు ఒక్క ముక్క చెప్పేలోపు బెల్లు కొట్టేస్తారు, ఇన్‌స్పెక్టర్ ముందు మన పరువేం కాను అంది. కుడీ వద్దు, ఎడమా వద్దు, చివరి బెంచీలో కూర్చో చాలు అంది. పైగా బుగ్గ నిమిరింది.

నాకు నత్తి. నా పేరే నాకు అడ్డం పడుతుంది. కానీ నత్తి నోటికి, బుర్రకి కాదు. పరమాణువు నుంచి ఎలక్ట్రాన్‌ని లాగెయ్యడానికి పట్టే అయనీకరణ శక్తి అర్థం కాక షహద్ ఏడిస్తే కూర్చోబెట్టి చెప్పింది నేను.

ఈ మాటలు మిస్‌తో అనాల్సినవి. అనలేదు. సరేనన్నట్టు తలూపి వచ్చాను. అందుకు ఇంకా మండుతోంది.

అదే రోజు, సాయంత్రం

అమ్మ విని, పోనీలే యుమ్మా, ఆవిడ ఉద్యోగ భయం ఆవిడది అంది. ఆవిడ భయానికి నేనెందుకు దాక్కోవాలి అని అడిగాను. జాతర్ పొడి చల్లిన రొట్టె ముందు పెట్టింది. తినలేదు.

నవంబర్ 5, మంగళవారం

చివరి బెంచీ నుంచి బోర్డు సగమే కనిపిస్తుంది.

నవంబర్ 6, బుధవారం

రాయాలి. జరిగింది జరిగినట్టు రాయాలి.

క్లాసు నాటకంలా నడిచింది. అందరి చేతులూ లేచాయి, కుడిచేతులకే పిలుపు వచ్చింది. సోడియం సాఫీగా దాటింది, క్లోరిన్ దాటింది. ఇన్‌స్పెక్టర్ సన్నటి మనిషి, గది వెచ్చబెట్టే స్టవ్ పక్కనే కూర్చుని కోటు కూడా విప్పలేదు. ఉన్నట్టుండి ఫైలు మూసి తన ప్రశ్న తను అడిగింది. పట్టిక అడ్డవరుసలో ఎడమ నుంచి కుడికి అయనీకరణ శక్తి పెరుగుతుందన్నారు కదా, మరి నైట్రోజన్ కన్నా ఆక్సిజన్‌కి తక్కువెందుకు అంది.

ఒక్క చెయ్యి లేవలేదు. ఎడమది కూడా. మిస్ మొహం పాలిపోయింది.

నేనూ చెయ్యెత్తలేదు. లేచి నడిచి వెళ్లి సుద్దముక్క తీసుకున్నాను. గళ్లు గీశాను. నైట్రోజన్ చివరి మూడు గళ్లలో ఒక్కో బాణం, ఒక్కో ఎలక్ట్రాన్‌కి గుర్తు. ఆక్సిజన్‌కి ఒక బాణం ఎక్కువ, అది ఇంకోదాని గడిలో ఇరుక్కోవాలి. ఒకే గడిలో రెండు, ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, అందుకే ఒకటి తేలిగ్గా బయటికి పోతుంది. ఆ గడి కింద గీత గీసి తిరిగాను.

ఇన్‌స్పెక్టర్ నా పేరడిగింది. బ, బ, బ దగ్గరే ఉన్నాను. ఆవిడ ఆగింది. మిస్ ఆగలేదు. వచ్చి నా భుజం మీద చెయ్యేసి, ఇది మా బతూల్, మేడమ్, దీనికి మాట ఇబ్బంది, రోజూ బడి అయ్యాక దీన్ని కూర్చోబెట్టుకుని ఇంతవరకు తీసుకొచ్చాను అంది.

ఒక్కరోజు కూడా కూర్చోబెట్టుకోలేదు.

అబద్ధం అనబోయాను. అ దగ్గరే ఆగిపోయాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. కృతజ్ఞత అనుకుందేమో, ఇన్‌స్పెక్టర్ కూడా నా తల నిమిరింది. బెల్లు కొట్టారు.

నవంబర్ 7, గురువారం

ఇన్‌స్పెక్టర్ రిపోర్టుని మా ముదీరా, అదే ప్రిన్సిపాల్, క్లాసుకొచ్చి చదివి వినిపించింది. వెనకబడిన విద్యార్థినుల పట్ల మిస్ ఇబ్తిసామ్ చూపే శ్రద్ధ ఆదర్శమట. ఆదివారం అసెంబ్లీలో సన్మానం, పక్కన నేనుండాలి.

వెనకబడిన.

షహద్‌ని అడిగాను, మిస్ చెప్పిన అబద్ధం నువ్వూ విన్నావు కదా, నాతో రా, ముదీరాకి చెబుదాం అని. పరీక్షలు దగ్గర్లో ఉన్నాయే, మార్కులు ఆవిడ చేతిలో ఉన్నాయి అంది. నా నుంచి నేర్చుకున్న సోడియం చెప్పి మెప్పు కొట్టేసింది, ఇప్పుడు ఇదీ మాట. మిస్ వెళ్తూ నన్ను చూసి చిరునవ్వు నవ్వింది. ఆ నవ్వు మాత్రం క్షమించలేను.

నవంబర్ 10, ఆదివారం

బడంతా చూస్తుండగా ముదీరా మైకు నా చేతికిచ్చి, మిస్‌కి శుక్రన్ అని ధన్యవాదం చెప్పు చాలు అంది.

మిస్ నన్ను చెయ్యెత్తొద్దన్నారు అని చెప్పాను. చాలాసేపు పట్టింది. ప్రతి అక్షరం దగ్గరా ఆగాను. ముదీరా మైకు కోసం చెయ్యి చాపింది.

ఇవ్వలేదు. అబద్ధం అనే మాటతో రెండో వాక్యం మొదలుపెట్టాను.