కుడికి తిప్పితే ఊడిన కర్ర

ఉస్తాద్,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున గద్వాల నుంచి ఒకాయన పూల్ టేబుల్ మీద బంతులు కొట్టే కర్ర తెచ్చి, అలాంటి కర్రలు చేసే మన వనపర్తి దుకాణంలో నా ముందు పెట్టాడు.

"ఇది ఎవరు చేసిండ్రో చెప్తవా తమ్మీ? మీ ఉస్తాదే ఇచ్చిండు గానీ, నేను చేసింది కాదన్నడు."

రెండు ముక్కలు కలిసే అతుకు విప్పబోయాను. అన్ని కర్రలూ ఎడమకు తిప్పితే ఊడతాయి. ఇది కుడికి తిప్పితే ఊడింది. పని నేర్చుకునే రోజుల్లో నేను మర చుట్లు తిరగేసి కోశానని నన్ను చెంప మీద కొట్టి, ఆ కర్రను పొయ్యిలో పెట్టేశానన్నావే, అదే కర్ర!

"ఇచ్చేటప్పుడు ఏమన్నడన్నా?"

"దుకాణంల ఇంతకంటె మంచిది లేదన్నడు."

ఆ మాట నాతో ఎందుకు అనలేదు? ఏడాదిగా నీ మీద కోపంతోనే నీ లేతు మిషను నడుపుతున్నాను. రేపటి నుంచి దేనితో నడపాలి?